నొక్కినవి ఎన్ని, లేపినవి ఎన్ని: కొండ పొద పిగ్లి కోసం ఒక డైరీ

అక్టోబర్ 6, 2024, ఆదివారం

ఈ డైరీ మొదలుపెట్టడానికి కారణం ఒక మంచి ఫోటో. ఈ ఏడాది ఫిబ్రవరిలో హార్సిలీ హిల్స్‌లో తీశా. పసుపు గొంతు పిగిలిపిట్ట, అదే యెల్లో త్రోటెడ్ బుల్‌బుల్, కొమ్మ చివర కూర్చుని నోరు బార్లా తెరిచి అరుస్తా ఉంటుంది, కంట్లో మెరుపు, వెనకాల అంతా మెత్తటి ఆకుపచ్చ, ఒక్క ఈక కూడా ఫోకస్ తప్పలేదు. నా హార్డ్ డిస్క్‌లో అంతకంటే షార్ప్ ఫోటో ఇంకోటి లేదు. ఎక్కడా పెట్టలేదు, పెట్టను కూడా.

ఎందుకంటే అది దాని అంతట అది రాలేదు. ఫోన్‌లో దాని అరుపు డౌన్‌లోడ్ చేసుకుని, చిన్న బ్లూటూత్ స్పీకర్ పొదలో దాచి మోగించా. రెండు నిమిషాల్లో వచ్చేసింది. స్పీకర్ చుట్టూ తిరిగింది, తల మీది ఈకలు నిక్కపొడుచుకుంది, ఆ కొమ్మ ఈ కొమ్మ మారింది, నేనేమో ఇంత దగ్గరికి వచ్చిందే అని సంబరపడిపోతా నొక్కుతానే ఉన్నా. 140 ఫ్రేములు. స్పీకర్ ఆపేశాక కూడా పావుగంట సేపు ఆ పొదనే వెతికింది. పక్కనే కొండరావి చెట్టు నిండా పండ్లు, ఒక్కటి ముట్టలేదు. నిజం చెప్పాలంటే అప్పుడు నాకేమీ అనిపించలా. ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో ఆ 140 వరసగా చూస్తుంటే అప్పుడు వెలిగింది, అది పాట పాడటానికి రాలేదు, తన ఇంట్లోకి ఇంకొకడు దూరాడని పోట్లాటకొచ్చింది, దూరిన వాడు కనపడక పిచ్చెక్కినట్టు తిరిగింది.

సో, అదే పిట్ట, అదే కొండ, మళ్ళీ మొదట్నుంచి. స్పీకర్ లేదు, మేత వేసి పిలవడం లేదు, గూడు జోలికి పోవడం లేదు. టమాటా సీజన్ మొదలయ్యేదాకా ప్రతి ఆదివారం, కుదిరితే మధ్యలో ఇంకో రోజు. నోట్‌బుక్‌లో రెండు గడులు గీసుకున్నా. ఒకటి నొక్కినవి, అంటే ఫ్రేములు. రెండోది లేపినవి, అంటే నా వల్ల తినేది ఆపేసో కూర్చున్న చోటు వదిలేసో లేచిపోయిన పిట్టలు. ఏ పిట్టైనా సరే, కాకైనా లెక్కే.

అక్టోబర్ 13

కొండ గురించి రెండు ముక్కలు. మదనపల్లి నుంచి ముప్పై కిలోమీటర్లు ఉంటుంది, అంగళ్లు దాటాక ఘాట్ రోడ్డు, పైన నాలుగు వేల అడుగుల పైచిలుకు ఎత్తు. మా అవ్వ ఇప్పటికీ హార్సిలీ అనదు, ఏనుగు మల్లమ్మ కొండ అనే అంటుంది. మల్లమ్మ అనే పిల్లని ఏనుగులు సాకాయని కథ. హార్సిలీ అనే కడప కలెక్టరు దొర ఈ చల్లదనానికి పడిపోయి 1870లో ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు, కొండ పేరు ఆయనకి పోయింది.

పిట్టది కూడా అలాంటి కథే. జెర్డన్ అనే ఇంకో దొర, నెల్లూరులో డాక్టరుగా పనిచేశాడు, 1840ల్లో ఈ పిట్టని మొదట రాసిపెట్టింది ఆయనే. మన కలివికోడి, అదే చాలా అరుదైన నేల పిట్ట, దాన్ని మొదట కనిపెట్టింది కూడా ఈయనే. కానీ ఈ దొర ఒక మంచి పని చేశాడు, ఇక్కడి జనం ఏమని పిలుస్తారో అడిగి అది కూడా రాసుకున్నాడు. దీనికి రాసుకున్న తెలుగు పేరు కొండ పొద పిగ్లి. ఎంత సరిగ్గా ఉందో చూడండి, కొండ మీద పొదల్లో ఉండే పిగిలి. ఇంగ్లీషు పేరు రంగు మాత్రమే చెప్తుంది, మనది అడ్రస్ చెప్తుంది.

ఆ అడ్రస్సే దానికి సమస్య కూడా. బండరాళ్లు, వాటి మధ్య ముళ్ల పొదలు, పండ్ల చెట్లు, ఇలాంటి కొండలు తప్ప దానికి పొసగదు. ప్రపంచం మొత్తంలో మన దక్షిణాది కొండల్లోనే ఉంది, అది కూడా ఇక్కడో ముక్క అక్కడో ముక్క. అవే కొండల్ని గ్రానైట్‌కి కోస్తారు, వేసవిలో అవే కొండలకి నిప్పు అంటుకుంటుంది. ప్రమాదం అంచున ఉన్నవాటి లిస్టులో, అదే వల్నరబుల్ అంటారే, అందులో ఉంది.

హార్సిలీలో ఈ పిట్ట ఉందని పిట్టలు చూసేవాళ్ళందరికీ తెలుసు కాబట్టి కొండ పేరు చెప్తున్నా. ఏ బండ పక్కన అనేది మాత్రం ఇక్కడ రాయను, ఫోటోల్లోంచి జీపీఎస్ కూడా తీసేస్తున్నా, అడగొద్దు.

అక్టోబర్ 20

మొదటి అసలు రోజు. నొక్కినవి 212, లేపినవి 23.

23! నేను జాగ్రత్తగానే నడుస్తున్నా అనుకున్నా. ఎండుటాకుల మీద కాలు పెడితే వచ్చే శబ్దం మనకి వినపడదు, అంటే వినపడుతుంది కానీ లెక్కలోకి రాదు, పిట్టలకి అదే పేపరు చించినట్టు. నేను వంగి నక్కి నక్కి నడిచిన చోట ఎక్కువ లేచాయి, ఇది నేనసలు ఊహించలా. మామూలుగా నిటారుగా కబుర్లు చెప్పుకుంటా పోయే టూరిస్టులని చూసి లేవని పిట్టలు నన్ను చూసి లేచిపోయాయి. తర్వాత ఆలోచిస్తే, నక్కి వచ్చేది ఎవరు? పిల్లి, నక్క, పాము. నేను కూడా అదే వేషం వేసుకుని పోతున్నా.

పొద్దుగూకుతుండగా దిగుతుంటే పొన్నంగి పిట్ట రెండు ముక్కల ఈల వినపడింది. అక్టోబర్‌కి ఉత్తరం నుంచి దిగుతాయి ఇవి. తమిళంవాళ్ళు ఆరు గంటల పిట్ట అంటారు, టైమ్ చూశా, 5:52. ఎనిమిది నిమిషాలు ఫాస్ట్.

అక్టోబర్ 27

ఇంట్లో చిన్న గొడవ, కామెడీ గొడవే. కెమెరా గురించి. నాది నికాన్ డి7500, లెన్స్ 200-500, రెండూ సెకండ్ హ్యాండ్. 2023 జూలైలో టమాటా రేటు ఆకాశానికంటినప్పుడు నాయన ఒప్పుకున్నాడు. ఇప్పుడు నేను ఏ పిట్ట కోసం తిరుగుతున్నానో ఫోటో చూపిస్తే, "ఇది పిగిలిపిట్ట గదరా, మన టమాటాలు పొడిచేది?" అన్నాడు. ఇది వేరే నాయనా, ఇది కొండ మీదది, మన తోటకి వచ్చేది తోక కింద ఎర్రగా ఉంటుంది అని ఎంత చెప్పినా, "నా పంట పొడిచేదాని అన్నదమ్ముల కోసం నా దుడ్డు పెట్టి కెమెరా కొంటివి" అని అందరికీ చెప్పుకుంటున్నాడు. వాదించి లాభం లేదు, చుట్టరికం ఉన్న మాట నిజమే.

నవంబర్ 10

ఈ రెండు వారాలు హైడ్ తయారీ, అంటే పిట్టలకి కనపడకుండా లోపల కూర్చునే చాటు. రెడీమేడ్ హైడ్ టెంట్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, రేటు చూసి మూసేశా. ఇంట్లో ఏముందో దాంతోనే:

నర్సరీలకి వాడే గ్రీన్ షేడ్ నెట్, నాలుగు మీటర్లు. టమాటాకి నిలబెట్టే కట్టెలు ఆరు. కట్టడానికి టమాటాకి వాడే పురి. కూర్చోడానికి టమాటా క్రేట్లు రెండు, ఒకటి బోర్లించి దాని మీద కూర్చోవడం, ఇంకోటి లెన్స్ కింద. క్రేటు మీద పెట్టడానికి బీన్ బ్యాగ్, పాత జీన్స్ కాలు ఒకటి కోసి మా వీధి టైలరన్న దగ్గర రెండు వైపులా కుట్టించి మూడు కిలోల జొన్నలు పోశా.

షేడ్ నెట్ నేరుగా కట్టేస్తే గాలికి టపటపా కొట్టుకుంటుంది, పైన గాలిబండ అని పేరు ఊరికే రాలేదు, ఆ కొండ మీద గాలి మామూలుగా ఉండదు. అందుకని కింది అంచుకి మడత కుట్టించి అందులో గులకరాళ్లు వేశా, చీర కుచ్చిళ్లకి ఫాల్ వేసినట్టు. అమ్మ ఐడియా.

ఒక రూల్, చెట్టుకి మేకు కొట్టేది లేదు, అడ్డం వచ్చిన కొమ్మ విరిచేది లేదు. కొమ్మ అడ్డం వస్తే నేను జరగాలి. దీన్ని ఫోటోల వాళ్ళ భాషలో గార్డెనింగ్ అంటారు, వినడానికి ముచ్చటగా ఉంటుంది, గూటి ముందు ఆకులు కత్తిరించి ఫోటోకి ఓపెన్ చేయడం అన్నమాట. ఆ ఆకులే గూటికి ఎండ తగలకుండా కాకి కంట పడకుండా కాపాడేవి. మనం ఫోటో తీసుకుని వెళ్ళిపోతాం, కాకి అక్కడే ఉంటుంది.

ఫారెస్ట్ ఆఫీసులో లెటర్ ఇచ్చి, ఏ వైపు తిరగొచ్చో అడిగి తెలుసుకున్నా. అక్కడి వాచర్ అన్న వచ్చి హైడ్ చూసి, "ఏమప్పా, ఈడ కూడా టమాటా నాటతా ఉండావా" అన్నాడు.

నవంబర్ 17

హైడ్ పెట్టా, లోపల కూర్చోలా. ఖాళీగా వదిలేసి వచ్చా. పిట్టలకి అలవాటు పడాలి. దూరం నుంచి బైనాక్యులర్‌తో చూశా, మొదటి గంట ఎవరూ ఆ పక్కకి రాలేదు. కోతులు మాత్రం వచ్చి క్రేటు తిరగేసి చూసి, ఏమీ లేదని తెలిసి విసిరేసి పోయాయి. టూరిస్టుల చిప్స్ ప్యాకెట్ల పుణ్యం, మనిషి పెట్టిన ఏ వస్తువులోనైనా తిండి ఉంటుందని వాటికి గట్టి నమ్మకం.

డిసెంబర్ 3

ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది, తడిసింది మేము. మూడు రోజులు వాన, కొండ కనపడనంత మబ్బు. ఇవాళ పైకి పోయి చూస్తే నెట్ ఒక పక్క పడిపోయి ఉంది. బీన్ బ్యాగ్‌ని నేను తెలివిగా క్రేటు కింద దాచిపెట్టి వచ్చా కదా, నీళ్ళన్నీ అక్కడికే పోయాయి. ఎత్తితే పులిసిన వాసన, కుట్టు దగ్గర నుంచి తెల్లగా మొలకలు బయటికి తొంగి చూస్తున్నాయి. జీన్స్ ప్యాంటుకి జొన్న పండించిన మొదటి రైతుని నేనే అయ్యుంటా. అవ్వకి చూపిస్తే నవ్వలేదు, మూడు కిలోల జొన్నలు పాడుచేశావు అని తిట్టింది, ఆమె దగ్గర అన్నం పారేస్తే ఏమవుతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. మొలకలు ఆవుకి వేశాం. ఇప్పుడు అందులో పాత గుడ్డపీలికలు, బరువు తక్కువ, మొలకెత్తవు.

నొక్కినవి 0, లేపినవి 2. ఈ లెక్కన తుఫాను రోజే బెస్ట్.

డిసెంబర్ 22

ఈ నెలలో అసలు పాఠం దొరికింది, ఇది కొంచెం వివరంగా రాసుకోవాలి.

పిట్ట లేచిపోవడం చివరి మాట. దానికి ముందు అది మనకి మూడు నాలుగు సార్లు చెప్తుంది, మనం వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి ఫోకస్ పాయింట్ కోసం కొట్టుకుంటుంటాం కాబట్టి వినపడదు. హైడ్ బయట, కొంచెం ఓపెన్‌గా ఉన్న బండ మీద కూర్చుని ఈ పిగిలి జంటని ఐదు రోజులు ఊరికే చూశా, కెమెరా బ్యాగులోనే. ముందు తినడం ఆగుతుంది. పండు ముక్కులో ఉంటుంది, మింగదు. అంటే మనల్ని చూసింది. తర్వాత మెడ సాగుతుంది, మామూలుగా ఉండ చుట్టినట్టు కూర్చునేది సన్నగా నిలువుగా అవుతుంది, ఈకలన్నీ ఒంటికి అతుక్కుంటాయి. ఇక్కడ ఆగిపోతే చాలు, అర నిమిషం ముప్పావు నిమిషం కదలకుండా ఉంటే మళ్ళీ ఉండ చుట్టుకుంటుంది, పండు మింగుతుంది. నేనేం చేసేవాణ్ణంటే సరిగ్గా ఆ మెడ సాగిన పోజు చూసి, ఆహా ఎంత అలర్ట్‌గా ఉంది అని ఇంకో రెండు అడుగులు వేసేవాణ్ణి. అప్పుడు తోక టక్ టక్ అని కొట్టుకుంటుంది, ఒంటిని కొంచెం వంచి పోవాల్సిన దిక్కుకి తిప్పుతుంది. అప్పటికే మనం ఆలస్యం. ఆ తర్వాత గట్టిగా ఒక అరుపు, ఆ అరుపుకి ఆ చెట్టు మీదున్న మిగతావాళ్ళు కూడా లేస్తారు. అక్టోబర్‌లో నా 23లో సగం ఇలా ఒకదాన్ని లేపితే వచ్చిన బోనస్సే.

పాత ఫోటోలు తీసి చూశా ఇవాళ. నాకు బాగా లైకులొచ్చిన పిట్ట ఫోటోల్లో సగం పైన మెడ సాగినవే. అందులో ఉన్న పిట్టలన్నీ నన్ను చూసి భయపడుతున్నాయి.

దూరాలు కూడా అడుగుల్లో లెక్క వేశా. నిలబడి ఉంటే ఈ జంటకి నేను పాతిక మీటర్ల అవతల ఉండాలి. కూర్చుంటే పదిహేను. హైడ్‌లో అయితే ఎనిమిది పది దాకా పట్టించుకోలేదు, కానీ షట్టర్ చప్పుడుకి మొదటిసారి తల తిప్పింది. కెమెరాలో క్వయట్ కంటిన్యుయస్ మోడ్ ఉంది, సెకనుకి మూడే ఫ్రేములు, శబ్దం పూర్తిగా పోదు కానీ మెత్తబడుతుంది. మిర్రర్‌లెస్, అంటే లోపల అద్దం లేని కెమెరా, అది ఉన్నవాళ్ళకి ఈ బాధ లేదు, నా దగ్గర ఉన్నది ఇదే. ఇంకో సంగతి, మొదటి క్లిక్ ఒకటే కొట్టి ఆగుతున్నా. అది తిరిగి తినడం మొదలుపెడితేనే రెండోది.

నొక్కినవి 38, లేపినవి 9.

జనవరి 12, 2025

భోగికి ముందు రోజు, కొండ మీద జాతరలాగా జనం. నా బండ దగ్గరికి పోతుంటే కింద నుంచే ఆ పిట్ట అరుపు. ఒకటే అరుపు, సరిగ్గా ఒకే గ్యాప్‌తో, మళ్ళీ మళ్ళీ. అర్థమైపోయింది. ఇద్దరు అన్నలు, పెద్ద లెన్సులు, ఒకాయన లెన్స్ ఒక్కటే మా ట్రాక్టర్ ట్రాలీ రేటు ఉంటుంది, పొదలో స్పీకర్.

నాకు ఎవరికైనా నీతి చెప్పడం చేతకాదు, చెప్పే హక్కు కూడా పెద్దగా లేదు. కాసేపు నిలబడి, "అన్నా, కొంచెంసేపు ఆపుతారా, అది చాలాసేపటి నుంచి తిరుగుతా ఉంది" అన్నా. "తమ్ముడూ, బెంగళూరు నుంచి రాత్రి రెండింటికి బయల్దేరి వచ్చినాం, ఐదు నిమిషాలు" అన్నాడు ఒకాయన, మర్యాదగానే. నేను ఫోన్ తీసి నా ఫిబ్రవరి ఫోటోల్లో వరసగా ఒక ముప్పై చూపించా. ఇది నేనే చేశానన్నా, ఇక్కడే, ఈ పొదలోనే, చూడండి మొదటి ఫోటోలో ఎలా ఉంది, ఇరవయ్యోదానికి ఎలా ఉంది. ఒకాయన శ్రద్ధగా చూశాడు, జూమ్ చేసి మరీ. ఇంకొకాయన "షార్ప్‌నెస్ బాగుంది తమ్ముడూ, ఏం సెట్టింగ్?" అన్నాడు.

స్పీకర్ ఆపారు. టీ ఇచ్చారు, ఫ్లాస్కులోది, బాగుంది. కొండరావి పండ్లు ఎప్పుడొస్తాయో, కూర్చుని ఎదురుచూస్తే అదే వస్తుందని చెప్పా. సరే సరే అన్నారు. గంట తర్వాత కింది మలుపు నుంచి మళ్ళీ అదే అరుపు, అదే గ్యాప్.

వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ఒక్కరోజు మాత్రమే ఉన్నవాడికి స్పీకర్ తప్ప దారి కనపడదు, నాకు ప్రతి ఆదివారం ఉంది. కానీ ఆ పిట్టకి మాత్రం ప్రతి ఆదివారం ఒక కొత్త స్పీకర్ వస్తుంది, ఆ లెక్క ఎవరి నోట్‌బుక్‌లోనూ ఉండదు.

జనవరి 26

మంచు. ఏమీ కనపడలా. టీ తాగి దిగేశా.

ఫిబ్రవరి 16

ఇవాళ్టిది రాయాలంటే ఇంకా చేయి వణుకుతోంది.

తెల్లారి ఐదున్నర, ఇంకా చీకటి, టార్చి మీద ఎర్ర కాగితం అంటించుకుని నడుస్తున్నా. హైడ్‌కి పోయే అడ్డదారిలో కాలు ఎత్తి ముందుకి పెట్టబోతుంటే ఆ కాలి కింది నేల లేచింది. నిజంగా అలాగే అనిపించింది, ఎండుటాకులు రెక్కలు వచ్చి ఎగిరినట్టు. నైట్‌జార్. రాత్రుళ్లు ఘాట్ రోడ్డు మీద కూర్చుని, గోలీ బండ మీద పడి ఎగిరెగిరి ఆగినట్టు టక్ టక్ టక్ టకటకటక అని అరుస్తుందే, అది. రెండు మీటర్ల అవతల పడి ఒక రెక్క ఈడ్చుకుంటా పొర్లుతోంది. ఒక్క క్షణం తొక్కేశానేమో అనుకున్నా. తర్వాత తెలిసింది, అది నాటకం, నన్ను తన వెంట పిలుస్తోంది.

ఎత్తిన కాలు అలాగే ఉంచి టార్చి కిందికి వేశా. రెండు గుడ్లు. గూడు లేదు ఏమీ లేదు, ఒట్టి నేల, వాటి మీద మట్టి మచ్చలు, నా బూటుకి జానెడు దూరం.

ఇక్కడ అబద్ధం రాయను, నా చేయి కెమెరా మీదికి పోయింది. బ్యాగ్ జిప్పు సగం దాకా లాగా కూడా. చట్టం తెలీక కాదు. 1972 వన్యప్రాణి చట్టంలో వేట అనే మాటకి ఇచ్చిన అర్థంలోనే పిట్టల గుడ్లని పాడుచేయడం, గుడ్లని గూళ్ళని కదిలించి ఇబ్బంది పెట్టడం కూడా ఉంది, తుపాకీ అక్కర్లేదు. అది నేను ఎంతోమందికి చెప్పా కూడా. అయినా చేయి పోయింది. తల్లి అక్కడ పొర్లుతుంటే, బయట చలి, గుడ్లు చల్లబడుతుంటే, ఒక్కటి, ఒక్క ఫ్రేమ్ అని మనసు లాగుతుంది చూడు, అది మాత్రం నాకు కొత్తగా తెలిసింది.

జిప్పు మూసి, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడిచా. గుర్తుకి రాయి పెట్టలేదు, పెడితే ఇంకొకరికి దారి చూపించినట్టు. వాచర్ అన్నకి ఒక్కడికే చెప్పా. ఇంక ఆ అడ్డదారి బంద్, చుట్టూ తిరిగి పోవాలి, పావుగంట ఎక్కువ.

నొక్కినవి 0. లేపినవి 1. ఆ ఒకటి మిగతా అన్నిటికంటే బరువు, గడిలో ఎలా రాయాలో తెలీక ఒకటి అనే రాశా.

మార్చి 9

కొండరావి పండుతోంది! నా బండ పక్కది కాదు, దానికి కొంచెం పైన ఉన్నది. ఈ చెట్లతో ఇదే తంటా, మామిడిలాగా అన్నీ ఒకేసారి కాయవు, ఒకటి ఇప్పుడు, పక్కది మూడు నెలల తర్వాత. పిట్టలకి అదే మేలు, ఏడాది పొడుగునా ఎక్కడో ఒకచోట అన్నం ఉంటుంది. నాకే హైడ్ మార్చే పని. మళ్ళీ మొదటి నుంచి, ఒక వారం ఖాళీగా వదిలేయాలి.

మార్చి 16

చెట్టు దగ్గర పెళ్లి భోజనాలు. కోకిలలు, గోరింకలు, మా తోటవి అయిన ఎర్ర ముడ్డి పిగిలిపిట్టలు గుంపుగా. మన కొండ పిగిలి జంట వీళ్ళందరూ కొట్టుకుని కాస్త సద్దుమణిగాక వస్తుంది, పక్క నుంచి, కింది కొమ్మల్లోంచి. పండు గోళీ కంటే చిన్నది. ముక్కు చివర పట్టుకుని, ఒకసారి అటు ఇటు దొర్లించి, తల పైకి ఎత్తి మింగుతుంది, గొంతు పసుపులో ఒక ఉబ్బు కిందికి జారడం కనపడుతుంది. మూడు నాలుగు తిన్నాక బండ మీదికి దిగి ముక్కు రెండు వైపులా రాసుకుంటుంది, కత్తి నూరినట్టు. ఆ బండ అంచు మీద అలా రాసి రాసి ఒక మరక ఉంది.

ఇవాళ ఆడదో మగదో తెలీదు, రెండూ చూడ్డానికి ఒకటే, ఒకటి ఎగిరొచ్చి నా హైడ్ కట్టె మీదే వాలింది. నా తల పైన. ఊపిరి బిగబట్టుకున్నా. ఈ లెన్స్ 2.2 మీటర్ల లోపల ఫోకస్ కాదు, అయినా నేను లెన్స్ అటు తిప్పే ధైర్యం చేయలా. కట్టె మీద రెట్ట వేసి పోయింది. లేపినవి 0, అది దాని పని మీద అది పోయింది.

మార్చి 30, ఉగాది

పొద్దున్నే పచ్చడి తిని పోయా, అమ్మ పండగపూట కూడానా అంది. 7:40కి ఎండ బండ మీదికి పూర్తిగా రాకముందు, కొండరావి వేళ్ళు బండ మీద కరిగిన మైనంలాగా కిందికి జారి ఉంటాయి, దాని మీద ఒకటి కూర్చుంది. పద్నాలుగు మీటర్లు. ముక్కులో పండు. ఒంటిని ఉండ చుట్టుకుని, మెడ సాగకుండా. కెమెరా సెట్టింగ్ 1/320, ఎఫ్ 6.3, ఐఎస్ఓ 1600. ఒక్కటి కొట్టి ఆగా. పండు మింగింది. ఇంకోటి. ముక్కు రాసుకుంది. ఇంకోటి. మొత్తం పదకొండు.

ఇంటికొచ్చి చూస్తే తోక చివర ఒక ఆకు అడ్డం. పిట్ట ఫ్రేమ్‌లో బొటనవేలి గోరంత. మిగతా అంతా బండ, వేళ్ళు, ఎండిన నాచు, మూలలో ముళ్ల పొద. క్రాప్ చేసి చూశా, పిట్ట పెద్దదైంది కానీ కొండ పోయింది. కొండ పొద పిగ్లి అని పేరు పెట్టుకుని కొండా పొదా తీసేస్తే ఎట్లా. క్రాప్ తీసేశా.

వాచర్ అన్నకి వాట్సాప్‌లో పంపా. రిప్లై: "బండ బాగుండాది. పిట్ట యాడ?"

ఎర్ర సున్నా చుట్టి మళ్ళీ పంపా. బొటనవేలు గుర్తు ఒకటి వచ్చింది.

ఏప్రిల్ 13

తోటలో కోత మొదలు. నాయన పొద్దున లెక్క చూసి రెండు క్రేట్లు తక్కువ ఉండాయే అన్నాడు, అందుకని ఇవాళ హైడ్ ఎత్తేశా. కట్టెలు, పురి, క్రేట్లు అన్నీ బండి మీద కట్టుకుని దిగుతుంటే ఘాట్ రోడ్డులో టూరిస్టులు నన్ను చూసి కొండ మీద కూడా టమాటా పండుతుందా అని అడిగారు.

నెలవారీ లేపినవి, నోట్‌బుక్‌లో కూడితే: అక్టోబర్ 61, నవంబర్ 34, డిసెంబర్ 27, జనవరి 19, ఫిబ్రవరి 12, మార్చి 7. మార్చి ఏడులో ఐదు ఒకే రోజు, కాలికి చీమ కుట్టి ఎగిరి గంతేసినప్పుడు.

నైట్‌జార్ వైపు పోలేదు కాబట్టి అక్కడ ఏమైందో నాకు తెలీదు. వాచర్ అన్న మార్చి మొదట్లో దూరం నుంచి చూసి, గుడ్లు లేవు, పెంకులూ లేవు అన్నాడు. పిల్లలై నడిచి పోయాయా, ఇంకేదైనా తీసుకుపోయిందా, చెప్పలేం.

క్రేట్లు కడిగి తోటలో పెట్టేశా. షేడ్ నెట్ మాత్రం నా మంచం కిందే ఉంది, నాయన నారుమడికి అడిగినా ఇయ్యలేదు. తూర్పు వైపు వంకలో ఇంకో కొండరావి ఉందంట, వానలు పడ్డాక కాస్తుందంట, మేకల తాత చెప్పాడు.